ఒకటో తారీఖు మనిషి

నెల జీతం మీద బతికే ప్రతి మనిషిలోనూ ఇద్దరు కాపురముంటారు. ఒకరు ఒకటో తారీఖు మనిషి, ఇంకొకరు ఇరవయ్యయిదో తారీఖు మనిషి. (ఈ రోజుల్లో చాలా కంపెనీలు జీతం నెలాఖరునే వేసేస్తున్నాయి. వేసినా మన లెక్కలో అది ఒకటో తారీఖే.) మొదటి మనిషి ఆఫీసు నుంచి వస్తూ ఆటో బేరమాడడు, రూములో అందరికీ బిర్యానీ తనే చెబుతాడు, ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, ఏమన్నా కావాలా?" అని అడుగుతాడు. రెండో మనిషి మెట్రో దిగి నడిచొస్తాడు, కర్రీ పాయింట్‌లో పప్పు ఒక్కటే కట్టించుకుంటాడు, ఇంటి నుంచి ఫోనొస్తే మోగనిచ్చి ఊరుకుంటాడు. ఇద్దరిదీ ఒకటే ఆధార్ కార్డు. ఒకరి కష్టం మాత్రం ఇంకొకరికి పట్టదు.

నేను హైదరాబాదు వచ్చింది 2006లో. కేపీహెచ్‌బీ ఆరో ఫేజులో ముగ్గురం ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి. మొదటి జీతం పడ్డ సాయంత్రం అమీర్‌పేట వెళ్లి తోలు బూట్లు కొన్నాను. ఆ నెల 26న అవే బూట్లతో జేఎన్‌టీయూ స్టాపు దాకా నడిచి, ఒక ఎగ్ పఫ్, ఒక టీతో మధ్యాహ్నం భోజనం అయిందనిపించాను. బూట్లు కరిచాయి కూడా. ఆ రోజు నాకు కోపం వచ్చింది జీతం మీద కాదు, మూడు వారాల కిందట ఆ బూట్లు కొన్నవాడి మీద. వాడు దొరికితే చెంప పగలగొట్టేవాణ్ని.

పట్నంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు తమ బతుకు రోజుకో రకంగా ఎగుడుదిగుడుగా ఉందంటారు. మూడు నెలలు తారీఖులు వేసుకుని చూడండి. మీ ఎగుడుదిగుళ్లలో సగం క్యాలెండరు ప్రకారమే నడుస్తుంటాయి. అది కనిపెడితే చేయాల్సిన పని సులువుగానే తెలుస్తుంది. ఒకటో తారీఖు మనిషి చేత ఇరవయ్యయిదో తారీఖు మనిషికి నాలుగు పనులు చేయించాలి. ఇరవయ్యయిదో తారీఖు మనిషి చేత ఒకటో తారీఖు మనిషికి నాలుగు చీవాట్లు పెట్టించాలి.

ఆఫర్ లెటరు మళ్లీ చదవండి

డబ్బు దగ్గర మొదలుపెడదాం, మిగతావన్నీ దాని తర్వాతే వస్తాయి.

ఏడాదికి ఆరు లక్షల సీటీసీ (కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) అనగానే ఇంట్లో అమ్మ నెలకు యాభై వేలు అని లెక్కకట్టి పక్కింటికి చెప్పేస్తుంది. తప్పు ఆమెది కాదు, మనమూ అలాగే లెక్కకడతాం. ఇప్పుడు కాగితం మీద వేసి చూద్దాం. ఆరు లక్షల్లో పది శాతం వేరియబుల్ అనుకోండి, అంటే 60 వేలు. అది ఏడాది చివర్లో వస్తే వస్తుంది. బేసిక్ నెలకు 25 వేలనుకుంటే, అందులో 12 శాతం కంపెనీ కట్టే పీఎఫ్. అది నెలకు 3,000, ఏడాదికి 36 వేలు. గ్రాట్యుటీ పేరుతో ఇంకో 14 వేల పైచిలుకు. ఇవన్నీ తీసేస్తే నెలకు మిగిలేది దాదాపు 40,800. అందులోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 3,000, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 37,600. కంపెనీ ఇన్సూరెన్సు ప్రీమియాన్ని కూడా సీటీసీలోనే కలిపితే ఇంకాస్త తగ్గుతుంది. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15 వేల మీదే లెక్కగట్టి 1,800 మాత్రమే కోస్తాయి, అక్కడ చేతికి కొంచెం ఎక్కువొస్తుంది. ఏదైనా సరే, ఆఫర్ లెటరు వచ్చిన రోజే హెచ్ఆర్‌ను "నెలకు చేతికి ఎంత?" అని అడగండి. అడగడానికి మొహమాటపడి, చేరిన నెలకు నీరసపడినవాళ్లను చాలామందిని చూశాను.

యాభై అనుకుని ముప్పయ్యేడున్నరతో మొదలైన మనిషికి ప్రతి నెలా ఎవరో మోసం చేసినట్టే ఉంటుంది. ముప్పయ్యేడున్నర అని ముందే తెలిసిన మనిషి అద్దె దగ్గరే ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

ఇక ఒకటో తారీఖు మనిషి చేయాల్సిన మొదటి పని ఇంకో బ్యాంకు ఖాతా తెరవడం. దానికి యూపీఐ పెట్టకండి, కార్డు ఇస్తే బీరువాలో పడేయండి. జీతం పడ్డ మర్నాడే దానిలోకి కొంత దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేయండి. ఎంత అనేది మీ ఇష్టం. మూడు వేలతో మొదలెట్టినా పర్వాలేదు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. నెల చివర మిగిలింది దాచుకుందామనుకునేవాళ్లకు మిగిలేది ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పీఎఫ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. ఉద్యోగం మారినప్పుడల్లా దాన్ని తీసేసుకుని ఫోన్ మార్చేయడం మన కుర్రాళ్లలో ఒక ఆచారమైపోయింది. మీ యూఏఎన్ నంబరు, ఆ పన్నెండు అంకెలు, కంపెనీ మారినా మారదు. పాత ఖాతాలో సొమ్మును కొత్తదానికి బదిలీ చేయించుకోండి. 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం. పైగా అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకుంటే ఆ డబ్బు పన్ను లెక్కలోకి వస్తుంది.

మూడున్నర రూపాయల వడ్డీ

మా ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు వడ్డీ. మూడు రూపాయలంటే ధర్మవడ్డీ కాదని అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా ముక్కు మీద వేలేసుకుంటాడు. అలాంటి ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీని జేబులో ప్లాస్టిక్ ముక్కగా పెట్టుకుని తిరుగుతారు. ఏడాదికి 42 శాతం అది.

క్రెడిట్ కార్డు చెడ్డదని అనను. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాళ్లకు అది మంచి వస్తువే. చిక్కంతా బిల్లులో "మినిమం డ్యూ" అనే గడితో వస్తుంది. ఆ గడి ఇరవయ్యయిదో తారీఖు మనిషి కోసమే పుట్టింది. బిల్లు 40 వేలొచ్చిందనుకుందాం. మినిమం డ్యూ అయిదు శాతం, అంటే 2,000. అది కట్టేసి ఊపిరి పీల్చుకున్నారు. మిగిలిన 38 వేల మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. మొత్తం 1,569. మీరు కట్టింది 2,000, తగ్గిన అప్పు 431 రూపాయలు. ఇది కూడా తక్కువ చేసి చెప్పిన లెక్కే. అసలు బిల్లులో వడ్డీని కొన్న రోజు నుంచీ లెక్కగడతారు, బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు దొరకదు.

మా అన్నయ్య కూతురు గచ్చిబౌలిలో పనిచేస్తుంది. మూడు కార్డులు, మూడింటికీ మినిమం డ్యూలు. "చిన్నాన్నా, ప్రతి నెలా టైముకే కడుతున్నా కదా!" అంది. నిజమే, ఒక్క నెలా తప్పలేదు. ఇద్దరం కూర్చుని మూడింటినీ కాగితం మీద వేశాం. తను జీతం పడే బ్యాంకులోనే పర్సనల్ లోను తీసుకుని కార్డులన్నీ ఒకేసారి కట్టేసింది. ఆ లోను వడ్డీ కార్డు వడ్డీలో సగం కంటే తక్కువ. తర్వాత రెండు కార్డులు మూయించేసింది. కత్తెరతో ముక్కలు చేస్తూ వీడియో కూడా తీసుకుంది. ఈ తరానికి అదో సరదా.

ఇరవయ్యయిదో తారీఖు మనిషి కోసం ఊళ్లో ఇంకా చాలామంది కాచుకుని ఉంటారు. ఏడు రోజుల అప్పు ఇస్తామనే యాప్‌లు మొదట మీ ఫోన్‌లోని నంబర్లన్నీ అడుగుతాయి. ఎందుకో తర్వాత తెలుస్తుంది. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని రెండు మూడు లక్షలు అడిగేవాళ్లు ఇంకో రకం. ఉద్యోగం ఇచ్చేవాడు జీతమిస్తాడు గానీ డబ్బు అడగడు. ఇలాంటిచోట డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బును పట్టుకోవడం కష్టమవుతుంది.

రాజీనామా మెయిలు

నా రెండో ఏడాది ఉద్యోగంలో, ఒక 24వ తారీఖున, క్లయింటు కాల్‌లో అందరూ వింటుండగా మా మేనేజరు నన్ను కడిగేశాడు. తప్పు నాది సగమే. (ఇప్పటికీ సగమే అంటాను.) ఆ రాత్రి పదకొండింటికి రాజీనామా రాశాను. నాలుగు పేరాలు. మూడో పేరాలో ఆయన ఇంగ్లిషు గురించి కూడా రాశాను.

మా రూమ్మేట్ కర్నూలు అబ్బాయి, బ్యాంకు పరీక్షలు రాస్తుండేవాడు. గోడకు ఆనుకుని అంతా విని, "ఒకటో తేదీ దాకా ఆగుప్పా. అప్పటికీ పంపల్లనిపిస్తే సెండు నేనే నొక్కుతా" అన్నాడు.

ఆగాను. ఒకటో తారీఖున చదివితే మూడో పేరాకు నాకే సిగ్గేసింది, తీసేశాను. మొదటి పేరా కూడా కోపమే, పోయింది. మిగిలినవి రెండు సంగతులు. తొమ్మిది నెలలుగా నైట్ షిఫ్టు మారలేదు. ఆరు నెలలుగా కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. జీతం పడింది, కడుపు నిండింది, మేనేజరు కూడా ఆ రోజు నవ్వుతూనే పలకరించాడు. అయినా ఆ రెండూ అలాగే ఉన్నాయి. తర్వాత నెల ఒకటిన కూడా ఉన్నాయి. ఒకటో తారీఖున కూడా మిగిలి ఉన్న ఏడుపే నిజమైన ఏడుపని అప్పుడు అర్థమైంది. నాలుగు నెలలకు ఇంకో ఆఫరు చేతిలో పెట్టుకుని, రెండు వాక్యాల మెయిలు పంపి బయటికొచ్చాను.

మీరూ చేసి చూడండి. ఫోన్‌లో ఒక నోటు తెరవండి. ఆఫీసు మీద కోపమో ఏడుపో వచ్చినప్పుడల్లా తారీఖు వేసి ఒక్క వాక్యం రాయండి, అంతకంటే వద్దు. మూడు నెలలయ్యాక ఒకటి నుంచి అయిదు లోపు తారీఖులున్న వాక్యాలు మాత్రమే చదవండి. అక్కడేమీ లేకపోతే మీకు కావాల్సింది కొత్త ఉద్యోగం కాదు, బహుశా రెండు రోజుల సెలవు. అక్కడ ఒకే మాట మూడుసార్లు కనబడితే రెజ్యూమె దిద్దడం మొదలెట్టండి. ఇప్పుడు చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు పిరియడ్ 60, 90 రోజులు. ఒక రాత్రి కోపం అన్ని రోజులు నిలవదు. మూడో వారానికే చల్లారిపోయి, వెళ్లాలా వద్దా అని తేలక అదే కుర్చీలో కూర్చోవాల్సి వస్తుంది.

దీన్నే తిరగేసి కూడా వాడుకోవచ్చు. ఒకటో తారీఖున పుట్టిన కోరికల్ని, అంటే కొత్త బైకు, ఏడాది జిమ్ము, గోవా, గిటారు, రాసి పెట్టుకుని ఇరవయ్యయిదున చదవండి. ఆ రోజు కూడా మనసు లాగితే కొనుక్కోండి, హాయిగా కొనుక్కోండి. నేను ఇరవయ్యయిదో తారీఖు పరీక్షలో నెగ్గిన గిటారును పద్నాలుగేళ్లు వాయించాను. పక్క ఫ్లాటువాళ్లు దీన్ని విజయంగా ఒప్పుకోకపోవచ్చు.

అయితే ఈ ఆగడం అన్నిటికీ పనికిరాదు. జీతమే ఇవ్వని చోట, తప్పుడు కాగితాల మీద సంతకం పెట్టమనే చోట తారీఖులు లెక్కపెట్టకండి. ఆడపిల్లల్ని ఇబ్బంది పెట్టే మాటా చేతా ఉన్న చోట అసలే వద్దు. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి ఆఫీసులోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. ఆఫీసు బయట జరిగితే హైదరాబాదులో పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

హాస్టల్‌ను మంగళవారం రాత్రి చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మాదాపూర్‌లో రూము వెతకలేదు. వెతికి ఉంటే మూడోది కూడా చేర్చేవారు.

అందరూ హాస్టల్ చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళతారు, ఖాళీ ఆ రోజే కాబట్టి. ఆదివారం మధ్యాహ్నం ప్రతి హాస్టల్లోనూ చికెనో బిర్యానీయో ఉంటుంది, మెట్లు కడిగి ఉంటాయి, వార్డెన్ నవ్వుతుంటాడు. మీరు మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లండి. ఆ వేళకు అన్నం ఎలా ఉందో, సాంబారులో ముక్కలెన్ని ఉన్నాయో, నీళ్లు మూడో అంతస్తుకు ఎక్కుతున్నాయో లేదో చూడండి. అక్కడే తింటున్న అమ్మాయినో అబ్బాయినో పక్కకు పిలిచి "అడ్వాన్సు తిరిగిస్తారా?" అని అడగండి. మొహం చూస్తే జవాబు తెలిసిపోతుంది.

అలాగే, సోమవారం పొద్దున ఆ రూము దగ్గర్నుంచి ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం ఇరవై నిమిషాలు పట్టిన దారికి సోమవారం తొమ్మిదింటికి గంటంబావు పట్టొచ్చు. మెట్రో రాయదుర్గం దాకా వచ్చాక చాలామందికి బతుకు తేలికైంది గానీ, స్టేషను నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు దాకా ఉన్న ఆ చివరి ముక్కే జేబునూ నిద్రనూ తినేస్తుంది. అద్దెలో రెండు వేలు మిగిలిందని దూరంగా దిగి, నెలకు నాలుగు వేలు క్యాబులకు పెట్టినవాళ్లను చూశాను. అద్దె, రాకపోకలు కలిపి ఒకే అంకెగా చూసుకోండి.

తిన్నావా?

రోజూ రాత్రి అమ్మ ఫోన్. "తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" "వంకాయ." నిజానికి ఆ పూట బ్రెడ్డు ఆమ్లెట్టు. అటువైపు "నాన్న ఎలా ఉన్నాడు?" అంటే "బాగున్నారు." నిజానికి మూడు రోజులుగా మోకాలు నొప్పి. రెండు వైపులా అబద్ధాలే, రెండూ ప్రేమతోనే. కొన్నాళ్లకు ఆ ఫోనులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

నాకు పనికొచ్చిన ఉపాయమొకటి చెబుతాను. వారానికో చిన్న కష్టం నిజంగా చెప్పండి. గీజరు పాడైంది, పక్క సీటువాడు చిరాకు పెడుతున్నాడు, చొక్కాకు సిరా మరక పోవట్లేదు. అమ్మకు ఇలాంటివి కావాలి. మరకకు నిమ్మకాయ రుద్దమంటుంది. ఆమె చేతిలోనూ ఒక పని ఉన్నట్టవుతుంది. చిన్నవి చెప్పుకోవడం అలవాటైన ఇంట్లోనే పెద్దది వచ్చిన రోజు నోరు పెగులుతుంది.

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడింటి దాకా ఒక గండం. ఊళ్లో అయితే ఆ వేళకు ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి "ఏం చేస్తున్నావ్?" అంటారు. ఇక్కడ రూములో ఫ్యాను తిరుగుతుంటుంది, ఫోన్‌లో పెళ్లిళ్ల ఫొటోలు తిరుగుతుంటాయి. ఆ మూడు గంటల్లో మనుషులున్న చోటుకు వెళ్లండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, బంజారాహిల్స్‌లో లామకాన్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, డిసెంబరైతే పుస్తకాల పండగ. ఇవేవీ కుదరకపోతే రైతుబజారుకు వెళ్లి వారానికి కూరగాయలు తెచ్చుకోండి. ఎవరితోనూ స్నేహం చేయక్కర్లేదు. మీ మొహం గుర్తుపట్టేవాళ్లు ముగ్గురుంటే చాలు. కర్రీ పాయింట్ ఆంటీ, ఇస్త్రీ బండి ఆయన, టీ కొట్టు కుర్రాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు రోజులుగా నేను కనబడట్లేదని అడిగింది ఆఫీసు కాదు, ఇస్త్రీ ఆయనే.

దిగులు క్యాలెండరును దాటి వస్తే, ఒకటో తారీఖులు రెండు గడిచినా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి మనసులో మెదిలినా 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు. డబ్బు అక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నవంబరు 13

చివరగా ఒక పని, ఇప్పుడే ఫోన్ తీసి చేసేది.

సంక్రాంతికి ఊరెళ్లడమంటే మనకు ఏడాదంతటికీ ఒకటో తారీఖు. ఆ టికెట్టు దొరకని డిసెంబరంతా ఇరవయ్యయిదో తారీఖే. రైలు రిజర్వేషన్లు ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులు చేశారు. జనవరి 12న నారాయణాద్రిలో తెనాలి వెళ్లాలంటే నవంబరు 13 ఉదయం ఎనిమిదింటికి ఐఆర్‌సీటీసీలో ఉండాలి. అలారం ఏడూ నలభైకి పెట్టండి. ప్రయాణికుల పేర్లు ముందు రోజే మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టండి. ఆ నెల అప్పటికి సగమే కాబట్టి డబ్బులుంటాయి.

ఇంకో అలారం కూడా పెట్టండి, నవంబరు 19కి. అది జనవరి 18న తిరుగు ప్రయాణానిది. ఆ రెండోదాన్ని ప్రతి ఏడూ మర్చిపోయి, పండగయ్యాక బస్టాండులో అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్క సీటుకు మూడింతలు అడుగుతున్న ప్రైవేటు బస్సువాడితో బేరమాడుతూ కనబడతాడు ఒకాయన. ఎవరో కాదు, నేనే.